బంకకిచ్చిన బియ్యం

జపాను దండు తమ బసకి పిలిపించుకున్న హెడ్మాస్టరు, క్రిసాంతో అనే ఆయన, సోమవారం మొదటి గంట కొట్టిన చాలాసేపటికి గాని తిరిగి రాలేదు. వెళ్ళేటప్పుడు వానలో నడిచి వెళ్ళినవాడు వచ్చేటప్పుడు దున్నపోతు బండి మీద వచ్చాడు. ఆయనకి ఒక పక్క అర బస్తా బియ్యం, ఇంకో పక్క తాడుతో కట్టిన తెల్లకాగితాల కట్ట. రెండింటి మీదా తాటాకు చాప కప్పి, తాను మాత్రం తడుస్తూ కూర్చున్నాడు.

ఊరంతా మయెస్త్రా అని పిలిచే మూడో తరగతి పంతులమ్మ యులోహియా వరండాలోకి వచ్చి నిలబడింది. ఆమె వెనక కిటికీల్లోంచి పిల్లల తలలు బయటికి వచ్చాయి. పిల్లలు చూస్తున్నది హెడ్మాస్టరుని కాదు, బస్తాని.

"బియ్యమేనా అది?" అంది బడి ఊడ్చే మనాంగ్ బసిలియా, చీపురు ఆపి. ఊరందరికీ ఆవిడ అక్కే. హెడ్మాస్టరు కూడా మనాంగ్ అనే పిలుస్తాడు.

"బియ్యమే. తినడానిక్కాదు," అన్నాడాయన బండి దిగుతూ. "బంకకి."

"దేనికీ?"

"బంకకి మనాంగ్, బంకకి! కాగితాలు అతికించే బంకకి. నన్ను అట్లా చూడకు, నేను పెట్టిన రూలు కాదు."

లోపలికి వచ్చి తల తుడుచుకున్నాక ఆయన యులోహియా చేతిలో ఒక జాబితా పెట్టాడు. అమెరికావాళ్ళ ఏలుబడిలో అచ్చయిన మూడో తరగతి వాచకాల్లో ఏ పేజీలో ఏ బొమ్మ, ఏ వాక్యం కప్పెయ్యాలో అందులో వరసగా టైపు కొట్టి ఉంది. అమెరికా అన్న మాట ఎక్కడున్నా కప్పెయ్యాలి. జెండాలు కప్పెయ్యాలి. ప్రెసిడెంటు బొమ్మ, ఓడ బొమ్మ, మంచులో ఆడుకునే పిల్లల బొమ్మ, ఆపిల్ పండు, అన్నీ కప్పెయ్యాలి. ఇన్నేళ్ళలో బళ్ళో పోగైనవి మొత్తం నూట ఎనభై పుస్తకాలు. శుక్రవారానికల్లా అయిపోవాలి.

"కాకపోతే?" అంది యులోహియా.

"కాకపోతే పుస్తకాలు మైదానంలో పోగేసి తగలబెడతారు. బళ్ళో గుర్రాలు కడతారు." హెడ్మాస్టరు గొంతు తగ్గించాడు. "వాళ్ళ దేశంలో పుస్తకాలకి అన్నం బంకే శ్రేష్ఠమట. అందుకని బియ్యం ఇచ్చారు. బియ్యం బంకకే అని లెఫ్టినెంటు మూడుసార్లు చెప్పాడు. మూడోసారి నా రొమ్ము మీద వేలు పెట్టి చెప్పాడు. వింటున్నారా మయెస్త్రా? ఒక్క గింజ అటూ ఇటూ అయితే ముందు నన్ను కట్టేస్తారు, తరవాత మిమ్మల్ని."

"నాకు చెప్పిన పని నేను చేస్తాను మయెస్త్రో," అంది యులోహియా. ఆ మాటలో గర్వం లేదు. చెరుకు నరికేవాళ్ళ ఇంట్లోంచి వచ్చి పంతులమ్మ అయిన మనిషి ఆమె. చెప్పిన పని చెప్పినట్టు చేస్తేనే తనని ఇంతదూరం రానిచ్చారని ఆమె నమ్మకం. పైగా అవి ఆమె పుస్తకాలు. ప్రతి ఏడూ వేసవిలో ఇంటికి తీసుకుపోయి, విడిపోయిన కుట్లు తన చేత్తో మళ్ళీ కుట్టి తెచ్చేది. అవి కాలిపోవడం కంటే అతుకులు పడి బతికి ఉండటం నయం అనుకుంది.

మనాంగ్ బసిలియా బడి వెనక పాకలో పొయ్యి రాజేసింది. రెండు శేర్ల బియ్యం కడిగి, మూడింతలు నీళ్ళు పోసి, మెతుకు చితికి జిగురు సాగేదాకా కలియబెట్టాలి. ఆ సమయంలో క్లాసులో జపాను భాష పాఠం జరుగుతోంది. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు ఒకటి రెండు మూడు అని జపానులో లెక్కపెడుతున్నారు. నాలుగు దగ్గరికి వచ్చేసరికి అన్నం ఉడికే వాసన కిటికీలోంచి వచ్చింది. ఐదు దగ్గర సగం గొంతులు ఆగిపోయాయి. ఏడు అనడానికి ఎవరూ మిగల్లేదు. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళల్లో అన్నం వండి నెలలు దాటింది. పొద్దున కర్రపెండలం, రాత్రి అరటి దుంప, అదీ దొరికినవాళ్ళకి.

"లెక్క ఆపారేం?" అంది యులోహియా. తన నోట్లో కూడా నీళ్ళూరాయని తెలిసి, బోర్డు వైపు తిరిగి నిలబడింది.

మధ్యాహ్నం బల్లల మీద ఆకుల్లో తలా ఒక ముద్ద బంక పెట్టి, పుస్తకాలు పంచి, కాగితం పీలికలు ఇచ్చింది. ఎట్లా రాయాలో చూపించింది: వేలితో పల్చగా, అంచుల దాకా, గాలి బుడగ లేకుండా మధ్యలోంచి బయటికి నొక్కుతూ. పిల్లలు తలలొంచుకుని పని చేశారు. క్లాసు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. యులోహియాకి సంతోషం వేసింది.

చివరి గంటకి ముందు ఆమె వరసల మధ్య తిరుగుతూ మొదటి బల్ల మీది పుస్తకం ఎత్తింది. పీలికలన్నీ కొంగ ఈకల్లా రాలి నేల మీద పడ్డాయి. రెండో పుస్తకం ఎత్తింది. అదే తంతు.

"చేతులు చూపించండి."

ముప్ఫై ఎనిమిది జతల చేతులు గాల్లోకి లేచాయి. అంత శుభ్రమైన చేతులు ఆమె ఆ బడిలో ఎన్నడూ చూడలేదు. గోళ్ళ సందుల్లో కూడా ఏమీ లేదు.

"కొన్సింగ్, లే. అతికించావా లేదా?"

కొన్సింగ్ అనే ఆ పిల్ల లేచి నిలబడింది. పెదవి మూల ఎండిన తెల్లటి చార ఉంది. "అతికించాం మయెస్త్రా. రాసేముందు కొంచెం రుచి చూశాం."

"కొంచెమా?"

"వేలికి అంటుకున్నంతే. మళ్ళీ మళ్ళీ అంటుకుంది మయెస్త్రా."

వెనక బల్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. యులోహియా బెత్తం కోసం బల్ల మీదికి చెయ్యి చాచింది. బెత్తం చేతికి అందింది. కానీ కొన్సింగ్ మాట్లాడుతూనే నాలుక చివరతో పెదవి మూల ఉన్న ఆ చారని వెతుక్కుంటోంది. తాను ఆ పని చేస్తున్నట్టు ఆ పిల్లకే తెలీదు. యులోహియా బెత్తంతో బోర్డు మీది తేదీ కింద ఒక గీత గీసినట్టు చూపించి, దాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

*

మంగళవారం పొద్దున పాకలో మనాంగ్ బసిలియా పొయ్యి వెలిగించలేదు. బియ్యం బస్తా మీద కూర్చుని ఉంది.

"ఏం మనాంగ్, నిప్పు లేదా?"

"నిప్పుంది. నాకే మనసు రావట్లేదు. మయెస్త్రా, ఒక్క మాట అడుగుతా, కోపం తెచ్చుకోరుగా?"

"అడగండి."

"అన్నం బంకకి బొద్దింకలు పడతాయని మీకు తెలీదా?"

యులోహియాకి తెలుసు. రాత్రి అదే ఆలోచించింది. కొత్త బంక వాసనకి బొద్దింకలు పీలికల్ని తిని ఊరుకోవు, కింద ఉన్న పుస్తకాన్ని కూడా తింటాయి.

"చర్చి గోడ వెనక నక్కెర చెట్టు విరగకాసి ఉంది," అంది బసిలియా. "చిన్నప్పుడు మీరు గాలిపటాలు దేనితో అతికించారు? బియ్యంతోనా? మా ఇంట్లో అయితే బియ్యంతో గాలిపటం అతికిస్తే మా అమ్మ నన్నే గాలిపటం చేసి ఎగరేసేది. నక్కెర బంకని ఏ పురుగూ ముట్టుకోదు. పైగా రేపెప్పుడో ఈ పీలికలు తియ్యాలనుకోండి, తడిగుడ్డ వేసి కాసేపాగితే అచ్చు చెదరకుండా వచ్చేస్తాయి. రేపెప్పుడో అంటున్నా. ఎవరు పోతారో, ఎవరు వస్తారో నేనేం పేర్లు చెప్పట్లేదు."

"మరి ఈ బియ్యం?"

"మునగాకు వేసి జావ కాస్తా."

యులోహియా చుట్టూ చూసింది. పాకలో వాళ్ళిద్దరు తప్ప ఎవరూ లేరు. "అది దొంగతనం మనాంగ్. బంకకని ఇచ్చారు. లెఫ్టినెంటు మూడుసార్లు చెప్పాడట."

"మూడుసార్లు చెప్పేది బియ్యం విలువ తెలిసినవాడే. వాడికీ తెలుసు అది తినేదని." బసిలియా లేచి పాతగౌను దులుపుకుంది. "సరే, మీరు చెప్పినట్టే చేద్దాం. కాని అతికించే పని మీరూ నేనూ చేసుకుందాం. ఆ వాసన ముందు ఆ పిల్లల్ని మళ్ళీ కూర్చోబెట్టడం నావల్ల కాదు. నిన్న సాయంత్రం నేల మీద రాలిన పీలికలు ఊడుస్తుంటే, ఎవడో ఒకడు పీలికని కూడా నమిలి ఉంచాడు."

వాన చూరు మీద పడుతోంది. యులోహియా వంగి, బస్తా మూతి విప్పి, పిడికెడు బియ్యం తీసి అరచేతిలో పోసి చూసింది. నూకలు లేని మంచి బియ్యం. ఎవరి పొలంలోదో, ఈ ఊరిదే అయి ఉంటుంది. కిందటి కోతల్లో దండు వాళ్ళు కళ్ళాల మీదనుంచే ఎత్తుకుపోయారు.

"నాకు అబద్ధం చెప్పడం రాదు మనాంగ్," అంది చివరికి.

"ఎవరు చెప్పమన్నారు? అడిగితే కదా!"

"అడిగితే?"

"అడిగితే నేను చెప్తా. నాకు బాగా వచ్చు."

యులోహియా పిడికెడు బియ్యాన్ని బస్తాలో వెయ్యలేదు. కుండలో వేసింది.

*

ఆ రోజు లెక్కల పాఠం చర్చి గోడ వెనక జరిగింది. పిల్లలు నక్కెర కాయల గుత్తులు తెంపి, గౌన్ల ఒళ్ళోను, టోపీల్లోను పోసుకున్నారు. గులాబీ రంగు తిరిగిన కాయని రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే గింజ తుర్రుమని జారి, ఎదురుగా ఉన్నవాడి చొక్కాకి అంటుకుంటుంది. నేల మీద పడిన గింజల కంటే చొక్కాల మీద పడినవే ఎక్కువ. దోమే అనే పిల్లాడి నుదుటి మీద మూడు గింజలు బొట్టు పెట్టినట్టు అంటుకుని రాలేదు.

"రుచి చూడొచ్చా మయెస్త్రా?" అని అడిగాడు వాడు. ఆమె ఔనని కనుబొమలెత్తింది. వాడు వేలు నాకి, మొహం అష్టవంకర్లు తిప్పాడు. వగరు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. క్లాసంతా పడీ పడీ నవ్వింది. ఆ బంకని ఇంకెవరూ నాకలేదు.

గుజ్జు మట్టి మూకుడులో వేసి, కాస్త నీళ్ళు చిలకరించి, వెదురు పుల్లతో కలిపితే గుడ్డులో తెల్లసొనలా సాగింది. కొబ్బరి పీచుతో కుంచెలు కట్టుకున్నారు. పీలిక అంటిస్తే చాలు, పట్టు వదల్లేదు.

మధ్యాహ్నం జావ. ఎవరి కొబ్బరి చిప్ప వాళ్ళు తెచ్చుకోమని ముందే చెప్పింది. పాక ముందు వరసలో నిలబెట్టి, బసిలియా పెద్ద గరిటెతో తలా ఒకటి పోసింది. పల్చటి జావలో మునగాకు పచ్చగా తేలుతోంది. పిల్లలు ఊదుకోలేదు. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేదు. తాగి, చిప్పని తలకిందులు చేసి నాకి, అప్పుడు మొదలుపెట్టారు కబుర్లు. వెనక వరసలో ఇద్దరు జావ పూర్తికాగానే గోడకి ఆనుకుని నిద్రపోయారు. యులోహియా వాళ్ళని లేపలేదు.

బుధవారం హెడ్మాస్టరు వాసన పట్టాడు. మధ్యాహ్నం గంట కొట్టకముందే పాక గుమ్మంలోకి వచ్చి నిలబడి కుండ వైపు, చిప్పల వైపు, నక్కెర మూకుడు వైపు చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది.

"మయెస్త్రా! మీరు! మనాంగ్ చేసిందంటే అర్థముంది. మీరు చేశారా?"

"నేనే చేశాను మయెస్త్రో."

"ఉరి తియ్యరు, కానీ ఉరి నయం అనిపిస్తారు. తెలుసా మీకు? నాకు ఐదుగురు పిల్లలు."

"ఇద్దరు ఇక్కడే చదువుతున్నారుగా," అంది బసిలియా గరిటె తిప్పుతూ. "చిన్నాడు నిన్న రెండుసార్లు వరసలో నిలబడ్డాడు. నేను చూడనట్టు ఊరుకున్నా."

హెడ్మాస్టరు వెనక్కి తిరిగి, వీధి వైపు మొహం పెట్టి, పాక గుమ్మంలోనే నిలబడ్డాడు. పిల్లలు తాగినంతసేపూ అక్కడే నిలబడి వీధి చివరిదాకా చూస్తూ ఉన్నాడు. ఎవరూ ఆయన్ని కాపలా కాయమనలేదు.

ఆ మధ్యాహ్నం యులోహియా కూడా పిల్లలతో పాటు కూర్చుని అతికించింది. మొదటి పేజీలోనే ఆపిల్. తొమ్మిదేళ్ళుగా ఆమె ఆ బొమ్మ మీద వేలు పెట్టే చదువు మొదలుపెట్టించేది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు "ఎట్లా ఉంటుంది మయెస్త్రా?" అని అడిగేవారు. "జామకాయలా" అని చెప్పేది. ఆమె ఆ పండుని చూసింది ఒక్కసారే, ఇలోయిలో పట్నంలో ఒక కొట్టు అద్దం వెనక. తినలేదు. ఇప్పుడు దాని మీద తెల్లకాగితం పరిచి మధ్యలోంచి అంచులకి నొక్కుతుంటే, ఎంత వెతుక్కున్నా దుఃఖం దొరకలేదు. తాను పెంచిన మొక్కని కాదు, ఎవరో తెచ్చి తన కుండీలో పెట్టిన కాగితపు పువ్వుని తీసేస్తున్నట్టు ఉంది. ఇరవై మూడో పేజీలో మాత్రం చెయ్యి ఆగింది. అది తమ జెండా. సూర్యుడు, మూడు చుక్కలు. ఆ పేజీని పిల్లలకి ఇవ్వలేదు. అన్ని పుస్తకాల్లోనూ ఆ ఒక్క పేజీ తానే అతికించింది. అంచుల్లో మాత్రమే సన్నగా బంక రాసి, మధ్యలో ఖాళీ వదిలి.

*

గురువారం వాన వెలిసింది. నూట నలభై రెండు పుస్తకాలు అయిపోయి గోడ వారన దొంతరలుగా ఉన్నాయి. ఇంకా ముప్ఫై ఎనిమిది ఉన్నాయి, తలకొకటి. జావ పొంగు వచ్చి, పిల్లలు చిప్పలు పట్టుకుని వరసలో నిలబడ్డ సమయానికి, వీధిలో మోటారు చప్పుడు వినిపించింది. శుక్రవారం రావలసిన లెఫ్టినెంటు ఒకరోజు ముందే వచ్చాడు.

ఆయన వెంట దుబాసీ హిరాయ్ ఉన్నాడు. జపాను నుంచి వచ్చి, యుద్ధానికి ముందు పదిహేనేళ్ళు మార్కెట్టు మూల మీద కొట్టు పెట్టి, కోరిన ఐసులో తీపి చిక్కుళ్ళు వేసి అమ్మిన మనిషి. భార్య ఈ ఊరి పిల్లే. యుద్ధం వచ్చాక ఖాకీ తొడుక్కుని, కత్తి లేని బెల్టు పెట్టుకుని, లెఫ్టినెంటు పక్కన నడవడం మొదలుపెట్టాడు. అప్పటినుంచీ మనాంగ్ బసిలియా ఆయన ఎదురైతే కాలవ దాటి అవతలి గట్టు మీద నడిచేది.

పిల్లలు చిప్పలు పట్టుకునే నడుములు వంచారు. లెఫ్టినెంటు తలాడించి నేరుగా పాక వైపు నడిచాడు. సన్నగా, చిన్న వయసులో ఉన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. కుండ మూత తియ్యమని వేలితో చూపించాడు.

బసిలియా అప్పటికే నక్కెర మూకుడు మీద అరటాకు కప్పి, దాని మీద కట్టెల మోపు పెట్టేసింది. కుండ మూత తీసింది. ఆవిరి లేచి లెఫ్టినెంటు కళ్ళద్దాలు మసకబారాయి. ఆయన తుడుచుకుని లోపలికి తొంగిచూసి ఏదో అన్నాడు.

"బంకలో ఈ ఆకులేమిటని అడుగుతున్నారు," అన్నాడు హిరాయ్, ఊరి భాషలో. ఆయన కూడా కుండలోకి చూశాడు. పదిహేనేళ్ళు ఈ ఊళ్ళో తిన్నవాడు. మునగాకు జావ అంటే ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

బసిలియా తొణకలేదు. "చెప్పు ఆయనకి. ఆకు వెయ్యకపోతే బొద్దింకలు పుస్తకాలు తినేస్తాయి. చేదు చూసి పారిపోతాయి."

హిరాయ్ ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూశాడు. పదహారు నెలల్లో ఆవిడ ఆయన్ని పలకరించడం అదే మొదలు. ఆయన లెఫ్టినెంటు వైపు తిరిగి ఏదో చెప్పాడు. లెఫ్టినెంటు మళ్ళీ అడిగాడు, ఈసారి చిప్పల వైపు చూపిస్తూ.

"ఎవరి బంక వాళ్ళు బల్ల దగ్గరికి తీసుకుపోతారు," అంది బసిలియా. "కుండ ఒకటే, పిల్లలు ముప్ఫై ఎనిమిది మంది."

లెఫ్టినెంటుకి అది నచ్చినట్టుంది. గడియారం చూసుకుని, ఒక కుర్చీ తెప్పించుకుని క్లాసులో ముందు కూర్చున్నాడు. చెయ్యి ఊపాడు.

"మొదలుపెట్టమంటున్నారు," అన్నాడు హిరాయ్. "చూస్తారట."

వరసగా వచ్చి పిల్లలు తమ మధ్యాహ్నం భోజనాన్ని చిప్పల్లో పట్టుకుని బల్లల దగ్గర కూర్చున్నారు. వేడి జావ ఆవిరి వాళ్ళ మొహాల మీదికి వస్తోంది. పొద్దున కాసిని నీళ్ళే తాగి వచ్చినవాళ్ళు సగం మంది ఉంటారు. సోమవారం నాటి శుభ్రమైన చేతులు యులోహియా కళ్ళ ముందు మెదిలాయి. ఒక్కడు వేలు నోట్లో పెట్టుకుంటే చాలు. ఒక్కడు చాలు. చెప్పడానికి వీల్లేదు, హిరాయ్‌కి భాష వచ్చు. కళ్ళతో చెప్పడానికీ వీల్లేదు, లెఫ్టినెంటు ఆమెనే చూస్తున్నాడు.

"ముప్ఫై ఒకటో పేజీ," అంది.

కొన్సింగ్ చూపుడువేలు జావలో ముంచింది. వేలి మీద ఒక మెతుకు, సగం మునగాకు. దాన్ని కాగితం పీలిక మీద పెట్టి, మధ్యలోంచి అంచులకి నెమ్మదిగా రాసింది. పీలిక తిప్పి, పేజీ మీద పెట్టి, అరచేత్తో నొక్కింది. మళ్ళీ వేలు ముంచింది. పెదాలు బిగించి ఉన్నాయి. పక్క బల్లలో దోమే ఊపిరి బిగబట్టి రాస్తున్నాడు. వాడి గడ్డం వణుకుతోంది, ముక్కు చివర చెమట చుక్క. చిప్ప అంచు మీదినుంచి జావ కారి వాడి మణికట్టు మీద పడింది. వాడు దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత మణికట్టుని పీలిక మీద తుడిచి, పీలికని ప్రెసిడెంటు మొహం మీద అతికించాడు.

లెఫ్టినెంటు లేచి వరసల మధ్య నడవసాగాడు. బూట్లు ఒక్కో బల్ల దగ్గర ఆగాయి. ముప్ఫై ఎనిమిది మందిలో ఒక్కరూ వేలు నాకలేదు. చివరి బల్ల మీద కూర్చున్న హెడ్మాస్టరు చిన్నకొడుకు కూడా నాకలేదు. వాడి కళ్ళల్లోంచి నీళ్ళు చిప్పలోకి కారుతున్నాయి, కానీ వేలు పేజీ మీదే ఉంది. యులోహియా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆ పిల్లలకి ఆమె ఈ పాఠం చెప్పలేదు. ఎవరు చెప్పారో ఆమెకి తెలీదు.

ముప్ఫై ఎనిమిది పుస్తకాలూ అయ్యాయి. చిప్పల అడుగున ఇంకా జావ మిగిలింది, చల్లారి, మీద పొర కట్టి.

లెఫ్టినెంటు గోడ వార దొంతరలోంచి ఒక పాత పుస్తకం తీశాడు. మంగళవారం అతికించినది. పీలిక అంచు కింద గోరు పెట్టి లాగాడు. రాలేదు. ఇంకో పుస్తకం. ఇంకా గట్టిగా లాగాడు. కాగితం చిరిగింది గాని బంక వదల్లేదు. ఆయన మొహం విప్పారింది. పుస్తకం ఎత్తి పట్టుకుని హిరాయ్‌తో గబగబా ఏదో చెప్పాడు.

"చాలా మంచి బంక అంటున్నారు," అన్నాడు హిరాయ్. "ఆయన నాన్నగారు బడిపంతులట. ఇంత గట్టి అన్నం బంక వాళ్ళ ఊళ్ళో కూడా చూడలేదట. మిగతా తరగతుల పుస్తకాలు కూడా మీ బళ్ళోనే చేయిస్తారట. ఇంకెంత బియ్యం కావాలి అని అడుగుతున్నారు."

బసిలియా గుమ్మంలోంచి నోరు తెరవబోయింది. కానీ లెఫ్టినెంటు చూస్తున్నది పంతులమ్మని. జవాబు ఆమెదే. హెడ్మాస్టరు తలుపు చెక్క పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

యులోహియా పిల్లల వైపు చూసింది. వాళ్ళు ఇంకా నిటారుగా కూర్చునే ఉన్నారు, చేతులు బల్లల మీద బోర్లించి, చిప్పల వైపు చూడకుండా.

"మూడు బస్తాలు," అంది.

హెడ్మాస్టరు కళ్ళు తెరిచాడు. హిరాయ్ చెప్పాడు. లెఫ్టినెంటు జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. అంతటితో అయిపోవలసింది. కానీ ఆ నోట్లోంచి మొదటి అబద్ధం వచ్చాక, వెనకాలే ఇంకోటి దారి చూసుకుని వచ్చింది. దండు వాళ్ళు సముద్రం దారి మూసేశాక ఆ ఊరివాళ్ళు ఉప్పు మొహం చూసి ఎన్నాళ్ళయిందో.

"ఉప్పు కూడా కావాలి," అంది యులోహియా. "ఒక బుట్టెడు. ఉప్పు లేకపోతే బంక పట్టదు."

హిరాయ్ పెదవి కొరుక్కుని కిటికీలోంచి పాక వైపు చూశాడు. లెఫ్టినెంటు ఏమిటన్నట్టు తల తిప్పాడు. హిరాయ్ ఆయనకి చెప్పాడు. లెఫ్టినెంటు గంభీరంగా తలాడించి అది కూడా రాసుకుని, నోటుబుక్కు మూయబోయాడు.

అప్పుడు హిరాయ్ ఊరి భాషలో, ఒకప్పుడు ఐసు కొట్టు గల్లా మీద మోచేతులానించి బేరాలాడిన ఆ గొంతుతోనే, ఆమెకి మాత్రం వినపడేట్టు అడిగాడు:

"మయెస్త్రా, అల్లం వెయ్యరా మీ బంకలో?"

యులోహియా ఆయన మొహంలోకి చూసింది. తరవాత, తప్పు దిద్దించుకున్న విద్యార్థిలా, నెమ్మదిగా తలాడించింది.

"వేస్తామండి. చెప్పడం మర్చిపోయాను."

హిరాయ్ లెఫ్టినెంటు వైపు తిరిగి నడుము వంచి ఇంకో మాట చెప్పాడు. లెఫ్టినెంటు నోటుబుక్కు మళ్ళీ తెరిచి, పెన్సిలు మొన నాలుకతో తడుపుకుని, రాసుకున్నాడు.